చిన్న రంధ్రాలే కదా, వీపులో ఆ సూది అవసరమా? వ్యాట్స్ ఆపరేషన్ తర్వాత నొప్పికి ఇచ్చే బ్లాక్ గురించి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ నాన్నగారికి 62 ఏళ్ళు, షుగర్ ఉంది, కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఉన్న గడ్డని కెమెరా ఆపరేషన్‌తో, అంటే వ్యాట్స్ పద్ధతిలో తీయబోతున్నారు, ఇంకా 12 రోజులు టైముంది. మత్తు డాక్టర్ వచ్చి, పూర్తి మత్తు ఇచ్చాక వీపు పక్కన సూదితో మొద్దుబార్చే లోకల్ మందు కూడా ఇస్తామన్నారు, దీన్నే మేం బ్లాక్ అంటాం. మీ అమ్మగారికి కాన్పు ఆపరేషన్‌లో నడుముకి సూది వేసినప్పటి నుంచి నడుం నొప్పి పోలేదని ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. చిన్న రంధ్రాలే కదా, నొప్పి మాత్రలు సరిపోవా అని మీ ప్రశ్న.

నేను మత్తు డాక్టర్‌ని. 18 ఏళ్ళ నుంచి ఈ పనే, అందులో ఎక్కువ భాగం ఛాతీ ఆపరేషన్లే. ముందు సమాధానం చెప్పేస్తా: వద్దనడానికి వైద్య కారణం ఏదీ లేకపోతే ఆ సూది వేయించుకోమనండి. ఎందుకో కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదివి నాన్నగారికి కూడా వినిపించండి, ఎందుకంటే ఈ విషయం ఆయనకి ముందే తెలిసి ఉంటే ఆపరేషన్ తర్వాత మొదటి రెండు రోజులు చాలా తేలిగ్గా గడుస్తాయి.

చిన్న కోత అంటే చిన్న నొప్పి అని అందరూ అనుకుంటారు, పొట్ట ఆపరేషన్ల విషయంలో అది చాలావరకు నిజం కూడా. ఛాతీ సంగతి వేరు. ప్రతి పక్కటెముక కింది అంచున ఒక చిన్న గాడి ఉంటుంది, అందులో పైనుంచి కిందికి ఒక సిర, ఒక ధమని, వాటి కింద ఒక నరం వెళ్తాయి. కెమెరా గొట్టమైనా, పరికరాలైనా రెండు పక్కటెముకల మధ్య ఉన్న ఆ ఇరుకు సందులోంచే లోపలికి పోవాలి. సర్జన్ కింది ఎముక పై అంచుని ఆనుకునే వెళ్తారు, అయినా రెండు మూడు గంటల పాటు పరికరాన్ని అటూ ఇటూ వంచుతూ పని చేసేటప్పుడు పైనున్న నరం ఎముకకి, గొట్టానికి మధ్య నలుగుతుంది. బయట చర్మం మీద కనిపించే కోత 2, 3 సెంటీమీటర్లే, నొప్పి పుట్టించేది మాత్రం ఆ నలిగిన నరం. ఆపరేషన్ అయ్యాక అదే రంధ్రంలోంచి గాలి, నీరు బయటికి రావడానికి డ్రైన్ గొట్టం పెడతారు. మామూలుగా పెద్దవాళ్ళకి పెట్టే 28 సైజు గొట్టం మందం 9 మిల్లీమీటర్ల పైనే, అంటే దాదాపు చిటికెన వేలంత. మనిషి నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసుకుంటాడనుకుంటే రోజుకి 20 వేల సార్లు పైనే ఛాతీ కదులుతుంది, కదిలిన ప్రతిసారీ ఆ గొట్టం లోపలి పొరకి రాసుకుంటుంది. కాలు విరిగితే కదలకుండా కట్టు కట్టి పడుకోబెడతాం. ఛాతీకి అలా విశ్రాంతి ఇచ్చే దారి లేదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. మనం నొప్పి తగ్గించేది పేషెంట్ హాయిగా ఉండాలని మాత్రమే కాదు, గట్టిగా దగ్గగలగాలని. నొప్పి ఉన్నవాడు గుండె నిండా ఊపిరి తీసుకోడు, పైపైన చిన్న చిన్న ఊపిర్లతో సరిపెట్టుకుంటాడు, దగ్గు వస్తుంటే పళ్ళు బిగించి ఆపుకుంటాడు. దాంతో కఫం లోపలే ఉండిపోతుంది, ఊపిరితిత్తి కింది భాగం ముడుచుకుపోతుంది, రెండో రోజుకో మూడో రోజుకో జ్వరం, నిమోనియా. ఊపిరితిత్తిలో కొంత తీసేసిన మనిషికి, పైగా షుగర్ ఉన్నవాళ్ళకి అది చిన్న విషయం కాదు. అందుకే రౌండ్స్‌కి వెళ్ళినప్పుడు "నొప్పి ఉందా" అని అడిగి వదిలెయ్యను. కదలకుండా పడుకున్న మనిషి లేదనే అంటాడు. "ఒకసారి దగ్గండి" అంటాను, దగ్గేటప్పుడు ఆయన మొహం చూస్తాను. నా లెక్క ఆ మొహంలోనే ఉంటుంది.

నేను కొత్తగా పని మొదలుపెట్టిన రోజుల్లో జరిగింది ఒకటి చెప్తా. ఆస్పత్రి పేరు అనవసరం. యాభై దాటిన రైతు, ఇదే రకం ఆపరేషన్. బ్లాక్ చక్కగా కుదిరింది, సాయంత్రం ఐదింటికి లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు, ఊపిరి పీల్చే కసరత్తుకి ఇచ్చే మూడు బంతుల పరికరంలో రెండు బంతులు లేపాడు, వాళ్ళావిడ నాకు దణ్ణం పెట్టింది. నేను సంతోషంగా ఇంటికి వెళ్ళిపోయాను. కేస్ షీట్‌లో నొప్పి మందుని నేను "అవసరమైతే" అని మాత్రమే రాశాను. రాత్రి రెండు గంటల వేళ బ్లాక్ దిగిపోయింది. లోకల్ మందు తగ్గేటప్పుడు మెల్లగా తగ్గదు, కొంతమందికి గంటలోపే మొత్తం నొప్పి ఒక్కసారి మీదపడుతుంది. ఆయన సిస్టర్‌ని నిద్ర లేపడం ఎందుకని మంచం కమ్మీ పట్టుకుని తెల్లారేదాకా అలాగే కూర్చున్నాడట. పొద్దున నేను వెళ్ళేసరికి మాట్లాడటానికే భయపడుతున్నాడు, ఒక్క బంతి కూడా లేవడం లేదు, ఎక్స్‌రేలో కుడి పక్క కింది భాగం తెల్లగా ముడుచుకుపోయి ఉంది. ఐదు రోజుల్లో వెళ్ళాల్సినవాడు పది రోజులు ఉన్నాడు. తప్పు బ్లాక్‌ది కాదు, బ్లాక్ దిగే టైముకి రెండో మందు సిద్ధంగా పెట్టని నాది. ఆ తర్వాత ఏ పేషెంటుకీ "అవసరమైతే" అని ఒక్క మాట రాసి వదిలేయలేదు.

ఇప్పుడు ఆ సూది సంగతి. లోకల్ మందు అంటే మీకు తెలిసిందే, పన్ను పీకేటప్పుడు చిగురుకి వేసేది ఆ కుటుంబమే. నరంలో కబురు విద్యుత్తులా పరుగెడుతుంది, అలా పరుగెత్తాలంటే నరం గోడలో ఉన్న చిన్న ద్వారాల గుండా సోడియం లోపలికి పోవాలి. ఈ మందు ఆ ద్వారాలకి అడ్డంగా కూర్చుంటుంది. దెబ్బ తగిలిన చోట కబురు పుడుతుంది గానీ మెదడుకి చేరదు. మందు కరిగిపోగానే ద్వారాలు మళ్ళీ తెరుచుకుంటాయి, నరం మామూలే. లిగ్నోకైన్, మనం జైలోకైన్ అని పిలిచేది, గంట రెండు గంటలు పనిచేస్తుంది. బుపివకైన్, రోపివకైన్ లాంటివి ఒక్క డోసుతో సుమారు 8 నుంచి 12 గంటలు, కొందరికి ఇంకాస్త ఎక్కువ. ఇదేదో కొత్త ప్రయోగం అనుకోకండి. 1910లో స్వీడన్‌లో యాకోబేయస్ అనే డాక్టర్ మొదటిసారి మనిషి ఛాతీలోకి గొట్టం పెట్టి చూసినప్పుడు వాడింది లోకల్ మందే. లిగ్నోకైన్‌ని 1943లో తయారుచేసిన లోఫ్‌గ్రెన్ కూడా ఆ దేశం వాడే.

మీ డాక్టర్ వీపు పక్కన అన్నారంటే రెండిట్లో ఒకటి అయ్యుంటుంది. మొదటిది పారావర్టిబ్రల్ బ్లాక్. వెన్నెముక నుంచి ఒక్కో నరం బయటికొచ్చి పక్కటెముక దారి పట్టే చోట చిన్న త్రికోణంలాంటి ఖాళీ ఉంటుంది, మందు అందులోకి వెళ్తుంది. నాకు చాలా ఇష్టమైన బ్లాక్ ఇది. కెమెరా అప్పటికే లోపల ఉంటే టీవీలో చూస్తూ వేయొచ్చు: ఛాతీ లోపలి గోడకి అతుక్కుని మెరిసే పల్చటి పొర ఒకటి ఉంటుంది, సూది సరైన చోట ఉండి మందు ఎక్కిస్తుంటే ఆ పొర గోడ నుంచి విడివడి నెమ్మదిగా నీటిబుడగలా పైకి లేస్తుంది, ఆ బుడగ పైకీ కిందికీ పాకుతూ రెండు మూడు పక్కటెముకల మేర పరుచుకుంటుంది. అది చూశామంటే మందు వెళ్ళాల్సిన చోటికే వెళ్ళిందని తెలిసిపోతుంది. కెమెరా పెట్టకముందే వేస్తే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేస్తాం, అందులో ఆ పొర కిందికి నొక్కుకుపోవడం కనిపిస్తుంది. కావాలంటే అక్కడే వెంట్రుకంత సన్నని గొట్టం వదిలి రెండు మూడు రోజులు పంపుతో మందు ఇస్తూ ఉండొచ్చు.

రెండోది ఎరెక్టర్ స్పైనే బ్లాక్. 2016లో వెలుగులోకి వచ్చింది, మన దగ్గర చాలా త్వరగా పాకింది. వీపు కండరం కింద, వెన్నుపూస పక్క కొమ్ము మీద మందు పెడతారు. సూది ఊపిరితిత్తికి, వెన్నుపాముకి దూరంగా ఎముక మీద ఆగుతుంది కాబట్టి వేయడం తేలిక, ప్రమాదం తక్కువ. పనితనం మనిషికీ మనిషికీ కొంచెం మారుతుంది, నా అనుభవంలో పారావర్టిబ్రల్ ఇచ్చినంత గట్టి మొద్దుబారడం దీనితో ప్రతిసారీ రాదు. 2022లో వచ్చిన ప్రాస్పెక్ట్ అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు వ్యాట్స్‌కి ఈ రెండిట్లో ఏదైనా మొదటి ఎంపికే అన్నాయి, చంక కింద పక్కనుంచి వేసే సెర్రాటస్ బ్లాక్‌ని రెండో ఎంపికగా పెట్టాయి. కాబట్టి మీ డాక్టర్ దేనిలో చెయ్యి తిరిగినవారైతే అది వేయించుకోండి. పేరు చూసి ఇదే కావాలని పట్టుబట్టొద్దు. సర్జన్ లోపల్నుంచే ఒక్కో పక్కటెముక నరం దగ్గర మందు వేయడం కూడా ఉంది, అదీ పనికొస్తుంది గానీ త్వరగా దిగిపోతుంది.

ఎపిడ్యూరల్, అంటే వెన్నెముక లోపల వెన్నుపాము సంచికి బయట సన్నని గొట్టం పెట్టి మందు ఇచ్చే పద్ధతి, ఎందుకు వద్దు అని మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. ఛాతీ మొత్తం పెద్దగా తెరిచే ఆపరేషన్‌కి అది ఇప్పటికీ మంచి మార్గమే. కానీ అది రెండు పక్కలా పనిచేస్తుంది, బీపీ పడిపోతుంది, ఒంటేలు ఆగిపోయి గొట్టం వేయాల్సి రావచ్చు, పేషెంట్ లేచి నడవడం ఆలస్యమవుతుంది. ఒక పక్క చిన్న కోతలకి అంత అక్కర్లేదు.

ఇక మీ ఇంట్లో అందరి భయం, నడుం నొప్పి. అమ్మగారి నొప్పి అబద్ధం అని నేను అనను, రోజూ అనుభవించేది ఆవిడ. కానీ కాన్పు సూది వేయించుకున్నవాళ్ళనీ వేయించుకోనివాళ్ళనీ పోల్చి చూసినప్పుడు ఏళ్ళ తరబడి ఉండే నడుం నొప్పి ఇద్దరిలోనూ ఒకేలా ఉందని తేలింది. గర్భంలో వదులైన కీళ్ళు, బలహీనపడ్డ పొట్ట కండరాలు, బిడ్డని వంగి ఎత్తుకోవడం, పాలిచ్చేటప్పుడు కూర్చునే తీరు, అసలు కారణాలు ఇవి. సూది ఒక్కటే గుర్తుండిపోతుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది. పైగా నాన్నగారికి వేసేది ఆ సూది కాదు. అది నడుము మధ్యలో వెన్నుపాము చుట్టూ ఉన్న నీటిలోకి వెళ్ళే సూది, ఇది భుజం ఎముకల మధ్య మట్టంలో, వెన్నెముకకి ఒక పక్కన, ఆ నీటి సంచి జోలికి పోని సూది. వేసిన చోట రెండు రోజులు కాస్త సలుపు ఉండొచ్చు. చాలాసార్లు పూర్తి మత్తులో ఉన్నప్పుడే వేస్తారు కాబట్టి సూది పడినట్టే ఆయనకి తెలియదు.

ప్రమాదాలు లేవా అంటే ఉన్నాయి, దాచను. ఊపిరితిత్తికి సూది తగలొచ్చు, కానీ ఆపరేషన్ అదే పక్క, డ్రైన్ గొట్టం ఎలాగూ పెడుతున్నారు, కాబట్టి ఇక్కడ దాని బరువు తక్కువ. నేను నిజంగా జాగ్రత్తపడేది మందు మోతాదు దగ్గర. లోకల్ మందు ఎక్కువైనా, పొరపాటున రక్తనాళంలోకి పోయినా మెదడు మీద, గుండె మీద పనిచేస్తుంది. మెలకువగా ఉన్న మనిషికైతే ముందు పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, ఆ తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం. శరీరంలో ఏ చోట వేసినదానికన్నా పక్కటెముకల మధ్య వేసినప్పుడే మందు రక్తంలోకి ఎక్కువగా, త్వరగా చేరుతుంది. అందుకే బరువు చూసి లెక్క కడతాం. బుపివకైన్ కిలోకి 2 మిల్లీగ్రాములు అనుకుంటే 60 కిలోల మనిషికి 120 మిల్లీగ్రాములు, 0.25 శాతం మందులో అది 48 మిల్లీలీటర్లు, 0.5 శాతంలో అయితే 24 మాత్రమే. సర్జన్ కోతల దగ్గర వేసే మందు కూడా ఈ లెక్కలోకే రావాలి, ఇద్దరూ ఎవరికి వారు వేసుకుంటే పరిమితి దాటిపోతుంది. అందుకే మా థియేటర్‌లో నేను ఎన్ని మిల్లీలీటర్లు వాడానో బోర్డు మీద రాసి, గట్టిగా చదివి వినిపిస్తాను. విరుగుడుగా పాలలా తెల్లగా ఉండే 20 శాతం కొవ్వు ద్రావణం ఉంటుంది, ఇంట్రాలిపిడ్ పేరుతో చాలామందికి తెలుసు. మందు రక్తంలో ఎక్కువైతే దాన్ని గుండె నుంచి లాగేస్తుంది. బ్లాకులు వేసే ప్రతి థియేటర్‌లో అది చేతికందేలా ఉండాలి. ఉందా అని అడగడంలో తప్పేం లేదు, మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు.

కొందరు "మావాడికి జైలోకైన్ పడదు, పళ్ళ డాక్టర్ దగ్గర గుండె దడదడలాడి కళ్ళు తిరిగాయి" అంటారు. చాలావరకు అది ఎలర్జీ కాదు, మందులో కలిపిన అడ్రినలిన్ వల్ల వచ్చే దడ, లేదా భయంతో సొమ్మసిల్లడం. నిజమైన ఎలర్జీ చాలా అరుదు. అయినా ఏం జరిగిందో ఉన్నదున్నట్టు మత్తు డాక్టర్‌కి చెప్పండి, నిర్ణయం ఆయన తీసుకుంటారు.

వద్దనడానికి కారణాలు ఇవి: సూది పడే చోట చర్మానికి ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడంలో తేడా, రక్తం పల్చబడే మందులు. గుండె కోసం క్లోపిడోగ్రెల్ లాంటిది వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో గుండె డాక్టర్, మత్తు డాక్టర్ మాట్లాడుకుని చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి. మన దగ్గర టీబీ వల్ల ఛాతీలో చీము పట్టి వ్యాట్స్ చేయించుకునేవాళ్ళు చాలామంది. వాళ్ళకి పారావర్టిబ్రల్ సాధారణంగా వేయం, చీముకి ఆనుకునే మందు పెట్టినట్టవుతుంది, వేరే దారి చూస్తాం. మీ నాన్నగారిది గడ్డ కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

బ్లాక్ ఎంత బాగా కుదిరినా తీరని నొప్పి ఒకటుంది, ముందే చెప్పకపోతే బెంబేలెత్తిపోతారు. ఆపరేషన్ జరిగిన పక్క భుజం లాగేస్తుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం కండరం నుంచి, గుండె చుట్టూ ఉన్న పొర నుంచి కబురు మోసే నరం మెడలోంచి వస్తుంది, భుజం చర్మానిదీ అదే మట్టం, అందుకని మెదడుకి ఆ నొప్పి భుజంలో ఉన్నట్టు అనిపిస్తుంది. వీపులో వేసిన బ్లాక్ దాన్ని అందుకోలేదు. పారాసిటమాల్, నొప్పి ఇంజెక్షన్లతో తగ్గుతుంది. అయితే షుగర్ ఉన్న మనిషి కాబట్టి భుజం నొప్పి, ఛాతీ బరువు అంటే "డాక్టర్ చెప్పిందే కదా" అని ఊరుకోకుండా సిస్టర్‌కి చెప్పండి, ఒక ఈసీజీ తీస్తే సరిపోతుంది.

బ్లాక్ ఉందని మాత్రలు మానేయకూడదు. పారాసిటమాల్ ఆరు గంటలకోసారి గ్రాము చొప్పున, బరువు 50 కిలోల లోపు ఉంటే అంతకన్నా తక్కువ, టైము ప్రకారం పడాలి, నొప్పి ఉన్నా లేకపోయినా. డైక్లోఫెనాక్, కెటోరోలాక్ లాంటివి చాలా బాగా పనిచేస్తాయి గానీ ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీలకి మంచిది కాదు, నాన్నగారి క్రియాటినిన్ రిపోర్ట్ చూశాకే. ట్రమడాల్, మార్ఫిన్ అప్పటికీ తగ్గకపోతే వాడే మందులు. వాటితోనే నెట్టుకొస్తే మగత, వాంతులు, మలబద్ధకం, మగతలో దగ్గు కూడా తగ్గిపోతుంది. మాత్రలు, ఇంజెక్షన్లు సరిపోవా అన్న మీ ప్రశ్నకి జవాబు ఇదే: సరిపెట్టొచ్చు, కానీ బ్లాక్ ఉంటే వాటిలో గట్టివాటి అవసరం బాగా తగ్గుతుంది.

మత్తు డాక్టర్‌ని కలిసినప్పుడు రెండు విషయాలు తప్పకుండా అడగండి. ఒకే డోసా, గొట్టం వదులుతారా అన్నది మొదటిది. ఒకే డోసు అయితే ఎన్ని గంటలకి దిగుతుంది, ఆ టైముకి ఏ మందు రాసి ఉంటుంది, రాత్రి నొప్పి వస్తే డ్యూటీలో ఎవరిని పిలవాలి అన్నది రెండోది. ఆ రాత్రి దగ్గర ఉండేది మీరైతే ఫోన్‌లో అలారం పెట్టుకోండి, మందు పడిందో లేదో చూసుకోండి. నాన్నగారికి కూడా గట్టిగా చెప్పండి, నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు అని. ఆ తరం మగవాళ్ళు అడగరు, అడగడం నామోషీ అనుకుంటారు, నా రైతు పేషెంట్ అలాగే కూర్చున్నాడు.

డ్రైన్ గొట్టం తీసేటప్పుడు ఒక్క క్షణం గట్టిగా లాగినట్టుంటుంది. అరగంట ముందు మందు ఇమ్మని అడగొచ్చు, పంపు ఉంటే అప్పటిదాకా ఉంచి తీయొచ్చు. ఇంటికొచ్చాక కోత కింది నుంచి రొమ్ము ముందువరకు చర్మం మొద్దుగా, చీమలు పాకినట్టుగా కొన్ని వారాలు ఉండొచ్చు, అది నలిగిన నరం కోలుకుంటున్న తీరు, బ్లాక్ మిగిలిపోవడం కాదు. మూడు నెలలు దాటినా మంట, చొక్కా తగిలితేనే కరెంటు కొట్టినట్టు ఉంటే మాత్రం మామూలు నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోకుండా పెయిన్ క్లినిక్‌కి తీసుకెళ్ళండి, నరాల నొప్పికి మందులు వేరు.

ఇంకా 12 రోజులున్నాయి కాబట్టి ఒక పని ఇవాళే మొదలుపెట్టండి. మందుల షాపులో ఆ మూడు బంతుల పరికరం దొరుకుతుంది, దాని మీద 600, 900, 1200 అని అంకెలుంటాయి. గంటకి పది సార్లు, కూర్చుని, గొట్టం నోట్లో పెట్టుకుని ఊదకుండా లోపలికి పీల్చమనండి, చాలామంది తిరగేసి ఊదుతారు. ఇప్పుడు ఎన్ని బంతులు లేస్తున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి, ఆపరేషన్ తర్వాత మళ్ళీ అంతదాకా రావాలి అని ఆయనకే ఒక గురి ఉంటుంది. ఛాతీకి దిండు అదుముకుని దగ్గడం కూడా ఇప్పుడే అలవాటు చేయించండి. బీడీ, సిగరెట్ ఉంటే ఈ రోజుతో ఆపేయాలి. షుగర్ రిపోర్ట్, క్రియాటినిన్, వాడుతున్న మాత్రల చీటీ మూడూ ఒకే కవర్‌లో పెట్టుకుని మత్తు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అక్కడ ఆయన ఏ బ్లాక్ అన్నారో, ఏమైనా అర్థం కాకపోతే ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.